ఆటలాడించే కౌన్సెలర్: చాలాకాలం వెళ్లాక రాస్తున్న సమీక్ష

సికింద్రాబాద్‌లో ప్రాక్టీసు చేసే ఒక క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలర్ గురించి ఈ సమీక్ష. అంటే స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లని, ట్రాన్స్ మనుషుల్ని (అందరినీ కలిపి క్వీర్ అంటారు) మార్చాలని చూడకుండా, ఉన్నవాళ్లని ఉన్నట్టు ఒప్పుకుని పనిచేసే కౌన్సెలర్. ఆవిడ పేరు రాయడం లేదు. సెషన్లు ఎలా నడుస్తాయో తెలిస్తే ఎవరి ఊళ్లో వాళ్లు ఇలాంటివాళ్లను వెతుక్కోగలరు. ఇచ్చే డబ్బుకు తగ్గ పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. అందులో సగం ఘనత ఆవిడ సెషన్లలో ఆడించే ఆటలదే. పరువు, సిగ్గు, భయం గురించి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడమంటే చాలామందికి గొంతు పెగలదు. చేతిలో నాలుగు గింజలు పెడితే మాట వస్తుంది.

చదువు ఎమ్మెస్సీ సైకాలజీ. ఆపైన ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ వారి క్వీర్ అఫర్మేటివ్ కౌన్సెలింగ్ కోర్సు, నెరేటివ్ థెరపీలో (సమస్యని మనిషి నుంచి వేరు చేసి, కథలా చెప్పించే పద్ధతి) శిక్షణ. తానూ క్వీరేనని మొదటి ఫోన్‌లోనే చెబుతారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోరు. మందులు కావలసి వచ్చినా, ట్రాన్స్ మనుషులకి హార్మోన్ల చికిత్స కోసం డాక్టరు ఉత్తరం కావలసి వచ్చినా సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. తన హద్దు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లనే నమ్మాలని నా అభిప్రాయం.

మొదటి సెషన్‌కి ముందు ఒక ఫారం వస్తుంది. మీ పేరు, ఇంట్లో పిలిచే పేరు, సెషన్‌లో పిలవాల్సిన పేరు అని మూడు గళ్లు వేరువేరుగా ఉంటాయి. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న ప్రశ్న కింద ఇంకో గడి ఉంటుంది: ‘ఆ మనిషికి మీ గురించి ఏం తెలుసు? నేనెవరినని చెప్పాలి?’ నేను చూసిన ఫారాల్లో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే. ఇది అడగని చోట, కంగారులో చేసిన ఒక్క ఫోన్‌తో ఇంట్లో అంతా బయటపడిపోయే ప్రమాదం ఉంది. విషయాలు ఎప్పుడు బయటికి చెప్పాల్సి వస్తుందో కూడా అక్కడే రాసి ఉంటుంది: ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల మీద లైంగిక నేరం తెలిసినప్పుడు. రెండోది పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి.

ఇక ఆటలు. ఇంట్లో ఏ గొడవైనా ‘నలుగురూ ఏమనుకుంటారు’ దగ్గరికే కదా వచ్చేది. ఆ మాట రాగానే ఆవిడ నాలుగు చింతగింజలు బల్ల మీద పెట్టి, ఒక్కో గింజకూ మనిషి పేరు చెప్పమంటారు. మొదటి గింజకి పెద్దనాన్న, రెండోదానికి పై ఫ్లోర్ ఆంటీ వచ్చేస్తారు. మూడోదాని దగ్గర వేలు ఆగుతుంది. నాలుగో గింజకి ఎవరూ దొరకరు. అప్పుడు పేరున్న గింజల్ని మాత్రమే ఉంచి, వీళ్లు నిజంగా ఏం చేయగలరని అడుగుతారు. పెద్దనాన్న అమ్మతో మాట్లాడటం మానేయగలడు. అది నిజమైన నష్టమే, దాన్ని తేలిక చేయరు. ఆంటీ లిఫ్టులో మొహం తిప్పుకోగలదు, అంతే. భయం పోదు గానీ దాని కొలత తెలుస్తుంది.

సిగ్గుకి పేరు పెట్టించడం ఇంకోటి. ‘పరువు పాపారావు’ అని పెట్టుకున్నా సరే. పద్ధతి నెరేటివ్ థెరపీకి ఆద్యుల్లో ఒకరైన ఆస్ట్రేలియా థెరపిస్టు మైకేల్ వైట్‌ది; నాలుగు మెట్లు. పాపారావు ఎలా ఉంటాడు, ఎప్పుడొస్తాడు? వచ్చి మీ చేత ఏం చేయిస్తాడు, ఏం మాన్పిస్తాడు? అది మీకు ఇష్టమేనా? కాకపోతే ఎందుకు కాదు? నాలుగోదే అసలు మెట్టు, మనిషి తనకేం విలువైందో తన నోటితో చెప్పేది అక్కడే. కొత్త కౌన్సెలర్లు రెండో మెట్టు దగ్గరే ‘అయితే పాపారావుని తరిమేద్దాం’ అంటారు. అలా తరిమితే వాడు వారానికల్లా తిరిగొస్తాడు.

పెళ్లి ఒత్తిడి మీద ఫోన్ ఆట ఉంది. ఆవిడ పిన్ని అవుతారు. మొదటిసారి సినిమా విలన్ గొంతుతో, నవ్వు వచ్చేదాకా. రెండోసారి మామూలుగా: ‘మాఘంలో ముహూర్తాలున్నాయట, ఓ మంచి ఫొటో పంపు.’ మూడోసారి ప్రేమగా: ‘నీ మంచికే కదా నాన్నా.’ ఎక్కువమంది తడబడేది మూడోదానికే. తిట్టే పిన్నికి జవాబు దొరుకుతుంది, లాలించే పిన్నికి దొరకదు. అందుకే జవాబు ముందే చీటీ మీద రాయిస్తారు, రెండు వాక్యాలు దాటకుండా: ‘ఇప్పుడు వద్దు పిన్నీ. చెప్పాల్సినప్పుడు నేనే చెబుతాను.’ కారణాలు చెప్పడం మొదలుపెడితే ప్రతి కారణానికీ పిన్ని దగ్గర ఒక సంబంధం ఉంటుంది.

తాము క్వీర్ అని ఇంట్లో చెప్పాలనుకునేవాళ్లకి వైకుంఠపాళి పటం తీస్తారు. నిచ్చెనల దగ్గర తోడు నిలిచేవాళ్ల పేర్లు, పాముల దగ్గర జరగగల కీడు. సర్టిఫికెట్లు, ఆధార్ మీ చేతిలో ఉన్నాయా, సొంత బ్యాంకు ఖాతా ఉందా, రెండు రాత్రులు తలదాచుకునే ఇల్లు ఉందా అన్న గళ్లు నిండకుండా పావు ముందుకు కదలనివ్వరు. చెప్పి తీరాలని కూడా అనరు. ఏ గడిలోనైనా ఆగిపోవచ్చు.

లోపాలూ ఉన్నాయి. ఆట కొన్నిసార్లు దాక్కునే చోటు అయిపోతుంది. జోకులతోనే గంట గడిచిపోతుంది. ఇప్పుడు సెషన్ మొదట్లో ఇవాళ మనసు ఎంత బరువుగా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె అడుగుతున్నారు. ఏడు దాటితే గింజలు తీయరు, మామూలుగా కూర్చుని మాట్లాడతారు. ఆన్‌లైన్‌లో వైకుంఠపాళి సగం చచ్చిపోతుంది, చేత్తో పావు జరపడంలో ఉన్న పట్టు తెర మీద రాదు. పైగా ఇంట్లోంచి మాట్లాడేటప్పుడు తలుపు అవతల చెవులుంటాయి. తలుపు దగ్గర ఫ్యాన్ పెట్టి, ఇయర్‌ఫోన్స్‌తో వింటూ, చెప్పకూడని మాటలు చాట్‌లో టైపు చేయడం నయం. యూపీఐ కట్టేటప్పుడు వివరాల దగ్గర ‘థెరపీ’ అని రాయొద్దు. జాయింట్ ఖాతా అయితే ఆ మెసేజ్ నాన్న ఫోన్‌కి కూడా వెళ్లొచ్చు.

వేరే కౌన్సెలర్‌ని ఎంచుకునేవాళ్లు ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మా అమ్మానాన్న వచ్చి నన్ను మార్చమంటే మీరేం చేస్తారు?’ ‘నాకేం అభ్యంతరం లేదండీ, కానీ వాళ్ల బాధా అర్థం చేసుకోవాలి కదా’ అని జవాబు వస్తే ఫోన్ పెట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల పట్టికలోంచి తీసేసింది. మద్రాసు హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత, 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కన్వర్షన్ థెరపీని (క్వీర్ మనుషుల్ని ‘మార్చేస్తామ’ని చేసే చికిత్స) వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద చేర్చింది. అయితే ఆ నియమం వర్తించేది రిజిస్టరైన డాక్టర్లకే. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరికీ అది వర్తించదు, అందుకే ఆ ప్రశ్న మీరే అడగాలి. మన అమ్మానాన్నలతో ఈవిడ కూర్చోరు, వాళ్లకి వేరే కౌన్సెలర్‌ని చూపిస్తారు. అక్కడ చెప్పింది ఇక్కడికి రాదు, ఇక్కడిది అక్కడికి పోదు.

రాత్రిపూట ఫోన్ ఎత్తరు, ఆ మాట ముందే చెబుతారు. అర్ధరాత్రి గడవని పరిస్థితి వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. సెషన్ యాభై నిమిషాలు. రద్దు చేయాలంటే ఇరవై నాలుగు గంటల ముందు చెప్పాలి, లేకపోతే సగం ఫీజు పోతుంది. చదువుకుంటున్నవాళ్లకీ, ఇల్లు వదిలి వచ్చినవాళ్లకీ తక్కువ ఫీజు సీట్లు కొన్ని ఉంటాయి. ఫారంలో ఆ గడి చివరి పేజీలో ఉంది, చూడకుండా వదిలేయకండి.