పాత ప్రీమియర్ పద్మిని మళ్లీ రోడ్డెక్కింది: ఆటోనగర్ షెడ్డు పనితనంపై సమీక్ష

ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయిన మా 1986 నాటి ప్రీమియర్ పద్మిని కారును విజయవాడ ఆటోనగర్‌లో, పాత పెట్రోలు కార్ల పని చేసే ఒక షెడ్డుకు అప్పగించాం. మెప్పుతో పాటు ఫిర్యాదు కూడా ఉన్నందున షెడ్డు పేరు రాయడం లేదు.

ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్ 1100 నమూనాపై తయారు చేసిన ఈ కారుకు పద్మిని అనే పేరు 1970లలో వచ్చింది. ఉత్పత్తి ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది కనుక విడిభాగాల కోసం కుర్లాలోనో, చెన్నై పుదుపేటలోనో పాత సామాన్ల దుకాణాలు వెతకాల్సిందే. ఏ దుకాణంలో ఏది దొరుకుతుందో తెలిసిన మేస్త్రీ దొరికితే సగం పని అయినట్లే. ఆ పరిచయాలు ఈ షెడ్డుకు బాగా ఉన్నాయి.

అంతకుముందు మేము సంప్రదించిన చోట్ల అందరూ మొదట రంగు గురించే మాట్లాడారు. ఇక్కడి మేస్త్రీ మాత్రం కారును జాకీపై లేపి, లోపలి మ్యాట్లు తీయించి, డ్రైవరు సీటు కింద రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు. అది అప్పడంలా విరిగింది. "ముందు కింద సంగతి చూద్దాం సార్, రంగుదేముంది, ఎప్పుడైనా కొట్టుకోవచ్చు" అన్నాడు. పద్మినికి లారీకి ఉన్నట్లు విడిగా చాసిస్ (బరువు మోసే అడుగు చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అలాంటి కారులో తుప్పు మీద లప్పం మెత్తి రంగు వేయడమంటే ప్రమాదాన్ని కప్పిపుచ్చడమే. వీరు తుప్పు పట్టిన భాగాన్ని కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేసే ముందు మమ్మల్ని పిలిచి చూపించారు. ఈ ఒక్క పనికే వారికి నా పూర్తి మార్కులు.

1089 సీసీ ఇంజను దించి, అరిగిన సిలిండర్ల లోపలి గోడలను కాస్త వెడల్పుగా కోయించి (బోరింగ్), వాటికి సరిపోయే ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశారు. పని శుభ్రంగా ఉంది, పొగ లేదు. అంతకన్నా నాకు నచ్చినది పెట్రోలు పైపుల విషయంలో చూపిన శ్రద్ధ. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది కాబట్టి, పైపులు, పెట్రోలు పంపులోని పలుచని పొర (డయాఫ్రమ్), కార్బొరేటర్ అతుకుల మధ్య ఉండే గ్యాస్కెట్లు అన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చారు. ఇది మేము అడిగిన పని కాదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే గనుక చక్రాల దగ్గర బ్రేకును నొక్కే వీల్ సిలిండర్లన్నీ కొత్తవి వేసి, ఖాళీ రోడ్డు మీద పదే పదే బ్రేకు కొట్టి, కారు ఒక పక్కకు లాగడం లేదని నిర్ధారించుకున్నాకే మాకు తాళం ఇచ్చారు. స్టీరింగ్ పక్కనుండే హ్యాండ్ గేరు బుష్షులు మార్చడంతో రెండో గేరు కోసం వెతుక్కునే బాధ కూడా తప్పింది.

వైరింగు మాత్రం నాసిరకంగా ఉంది. పాత వైర్లకు కొత్తవి ముడివేసి టేపు చుట్టారు, ఫ్యూజు లేకుండానే అదనపు హారన్ కలిపారు. వేడెక్కిన వాసన వచ్చాక వేరే ఎలక్ట్రీషియన్‌తో మొత్తం మార్పించాల్సి వచ్చింది. బిల్లులోనూ పారదర్శకత లేదు: పాత సామానుకు రసీదు ఉండదన్నది అర్థం చేసుకోవచ్చు గానీ, లేత్ పనికీ కూలికీ కలిపి ఒకే అంకె వేయడం సరికాదు. అంచనా రాతపూర్వకంగా తీసుకుని, రేకు పని, ఇంజను పని, వైరింగు వేర్వేరుగా రాయించుకుంటే ఈ తగాదా ఉండదు.

కాగితాల బాధ్యత షెడ్డు తీసుకోదు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఆర్‌సీని (రిజిస్ట్రేషన్ పత్రాన్ని) ఫారం 25తో రవాణా శాఖలో ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 50 ఏళ్లు దాటిన వాహనాలకు ఇచ్చే వింటేజ్ నమోదు దీనికి వర్తించదు, పైగా ఆ నమోదు ఉన్న కారును రోజువారీ అవసరాలకు వాడకూడదు. ఆర్‌సీ పునరుద్ధరణ కోసం జరిగే ఫిట్‌నెస్ తనిఖీలో బ్రేకులు, లైట్లు, హారన్ చూస్తారు కాబట్టి వైరింగు సరిచేయించిన తరువాతే కారును అక్కడికి తీసుకెళ్లాం.

రేకు పనికీ, ఇంజనుకూ, బ్రేకులకూ ఇదే షెడ్డుకు మళ్లీ వెళ్తాను, వైర్ల మీద మాత్రం వారిని చేయి వేయనివ్వను.