కొలంబియా బందీలు: సైనిక చర్యా, చర్చలా?

వామపక్ష సాయుధ సంస్థ ఫార్క్‌కు చెందిన గెరిల్లాల చెరలో ఏళ్ల తరబడి మగ్గిన బందీలను విడిపించడానికి కొలంబియా ప్రభుత్వం రెండు మార్గాలనూ ప్రయత్నించింది.

సైనిక మార్గం అనగానే అందరూ 2008 జులై 2న జరిగిన ‘ఆపరేషన్ హాకే’ను గుర్తు చేసుకుంటారు. మానవతా సంస్థ ప్రతినిధుల వేషంలో హెలికాప్టర్‌లో దిగిన సైనిక సిబ్బంది, బందీలను మరో చోటికి తరలిస్తున్నామని కాపలాదారులను నమ్మించి, ఒక్క తూటా పేల్చకుండా అధ్యక్ష పదవికి పోటీ చేస్తూ అపహరణకు గురైన ఇంగ్రిడ్ బెటాన్కూర్ సహా 15 మందిని బయటికి తెచ్చారు. కానీ 2003 మే నెలను మరచి ఈ విజయాన్ని తూచడం న్యాయం కాదు. అహింసా యాత్ర చేస్తూ అపహరణకు గురైన ఆంటియోకియా రాష్ట్ర గవర్నర్ గిల్యెర్మో గవిరియాను, మరో తొమ్మిది మందిని, సైన్యం సమీపించగానే గెరిల్లాలు కాల్చి చంపారు.

చర్చల మార్గమూ మొదట విఫలమైంది. 1998లో ఫార్క్‌తో చర్చల కోసం దాదాపు 42,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం నుంచి సైన్యాన్ని ఉపసంహరించినా అపహరణలు ఆగలేదు. 2002 ఫిబ్రవరిలో విమానాన్ని దారి మళ్లించి ఒక సెనేటర్‌ను ఎత్తుకుపోవడంతో చర్చలు ముగిశాయి. తర్వాత క్యూబా రాజధాని హవానాలో జరిగిన చర్చలు మాత్రం ఫలించాయి. మొదటి శాంతి ఒప్పందం ప్రజాభిప్రాయ సేకరణలో ఓడినా, సవరించిన ఒప్పందంపై 2016 నవంబరులో సంతకాలయ్యాయి.

నా దృష్టిలో చర్చలదే పైచేయి, అయితే సైనిక ఒత్తిడి లేకుండా ఫార్క్ అంతగా దిగివచ్చేది కాదు. సైనిక చర్య కొందరినే విడిపించింది. ఒప్పందం వల్ల ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం మాత్రం 21,000కు పైగా అపహరణ బాధితులను లెక్కించి, మాజీ కమాండర్లను జవాబుదారులను చేసింది.