పచ్చళ్ల కొట్టుకి వర్డ్‌ప్రెస్, వూకామర్స్: ఎనిమిది నెలలు వాడాక

మా అత్తమ్మ, నేను కలిసి వనస్థలిపురంలో ఇంటి దగ్గరే తొక్కులు, పొడులు చేసి అమ్ముతాం. మొదటి ఏడాదంతా వాట్సాప్ మీదే నడిపాం. కొనేవాళ్ల అడ్రస్ ఒక మెసేజ్‌లో, ఎన్ని కిలోలో ఇంకో మెసేజ్‌లో, డబ్బులు కొట్టిన స్క్రీన్‌షాట్ వాళ్లాయన నంబర్ నుంచి వచ్చేవి. రాత్రి పదకొండింటికి కూర్చుని వాటిని నోట్‌బుక్‌లో ఎక్కించుకునేదాన్ని. ఇక లాభం లేదని వెబ్‌సైట్ చేయించుకున్నాం.

ఆ మొదటి సైట్ సంగతి చెప్పి తీరాలి. తెలిసినవాళ్లు చెప్పిన ఒకాయనకి 22,000 ఇచ్చాం. సైట్ చూడ్డానికి బాగానే ఉంది. ఏడాది తిరిగేసరికి డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) గడువు అయిపోయింది. ఆయన ఫోన్ ఎత్తలేదు. కనుక్కుంటే ఆ డొమైన్ మా పేరు మీద లేదు, ఆయన మెయిల్ ఐడీ మీద కొన్నారు. గడువు దాటాక కూడా కొన్నాళ్లు రెన్యువల్ చేసుకునే వీలుంటుంది, కానీ అది కొన్న ఖాతాలోకి వెళ్లి చేయాలి. పాస్‌వర్డ్ మా దగ్గర ఉంటే కదా. ఆ అడ్రస్‌తో అచ్చువేయించిన 400 లేబుళ్లు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి.

అందుకే రెండోసారి ఎవరికీ అప్పజెప్పలేదు. మా ఆడపడుచు కూతురు బీటెక్ మూడో ఏడాది చదువుతోంది. "అత్తా, ఇద్దరం కూర్చుంటే పది రోజుల పని" అంది. పదిహేడు రోజులు పట్టింది. ముందు నా మెయిల్ ఐడీ మీద, నా కార్డుతో డాట్ ఇన్ డొమైన్ కొన్నాం. తర్వాత హోస్టింగ్ (ఇంటర్నెట్‌లో సైట్ ఉంచే చోటు) తీసుకుని సైట్ తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్, దాని మీద ఆన్‌లైన్ అమ్మకాలు నడిపే వూకామర్స్ వేశాం.

వర్డ్‌ప్రెస్ 2003 నుంచి, వూకామర్స్ 2011 నుంచి ఉన్నాయి. రెండూ ఉచితమే. డొమైన్‌కి, హోస్టింగ్‌కి కలిపి మాకు మొదటి ఏడాది నాలుగు వేల లోపే అయింది. హోస్టింగ్ కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించేది చాలాచోట్ల మొదటిసారి ధర మాత్రమే. రెండో ఏడాది ఎంతో కింద చిన్న అక్షరాల్లో వెతికి చూసుకోండి. సైట్ సురక్షితం కాదని బ్రౌజర్ చెప్పకుండా ఉండటానికి కావాల్సిన సర్టిఫికెట్‌కి మొదటాయన విడిగా 3,000 తీసుకున్నారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగుల్లో ఒక్క నొక్కుతో వచ్చేస్తుంది.

మాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ తిన్నది తెలుగు. మా లేబుళ్ల మేటర్ అంతా డీటీపీ షాపులో అను ఫాంట్లలో చేయించింది. దాన్ని కాపీ చేసి సైట్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చి గీతలు వచ్చాయి. అది యూనికోడ్ (ఫోన్లు, సైట్లు అన్నిట్లో తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) కాదు. లోపల ఉన్నవి వేరే అక్షరాలు, ఆ ఫాంట్ వేస్తేనే తెలుగులా కనిపిస్తాయి. పద్నాలుగు ఐటెమ్స్ వివరాలూ ఫోన్ కీబోర్డులో మళ్లీ కొట్టాను.

కొట్టాక ఇంకో సమస్య. మా అత్తమ్మ తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. సైట్ చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దగ్గరగా పట్టుకుని, "ఒత్తులెటు పోయినయ్ బిడ్డా?" అన్నారు. చూస్తే నిజమే. "అల్లం తొక్కు" అన్నచోట కింద ల ఒత్తు, క ఒత్తు రెండూ తెగిపోయి "అలం తొకు" అని కనిపిస్తోంది. మేం పెట్టిన థీమ్‌లో (సైట్ రూపాన్ని నిర్ణయించే డిజైన్) వరసల ఎత్తు ఇంగ్లీషుకి సరిపడా ఉంది. ఇంగ్లీషు అక్షరం కింద అంత చోటు అక్కర్లేదు, మనకి కావాలి. లైన్ హైట్ 1.2 ఉన్నదాన్ని 1.7 చేసి, ఫాంట్ నోటో సాన్స్ తెలుగు పెడితే ఒత్తులన్నీ తిరిగొచ్చాయి. లోకో ట్రాన్స్‌లేట్ అనే ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) బటన్ల మీది మాటలు కూడా మార్చుకున్నాం. మా సైట్‌లో ఇప్పుడు "యాడ్ టు కార్ట్" బదులు "సంచిలో వేయండి" అని ఉంటుంది. ఆ మాట అత్తమ్మదే. పెద్దవాళ్లు ఎవరినీ అడగకుండా ఆర్డర్ పెట్టుకోగలుగుతున్నారంటే నాకు ఎంత సంతోషమో!

డెలివరీ చార్జీలు ప్రాంతాల వారీగా పెట్టుకోవచ్చు. పిన్‌కోడ్ దగ్గర 500 కొట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే 500తో మొదలయ్యేవన్నీ ఒక జోన్ అవుతాయి. అది సిటీ, మిగతాది కొరియర్ అనుకున్నాం. మా వనస్థలిపురం 500070. వారం తిరక్కుండానే హయత్‌నగర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, "పక్కనే ఉన్న మాకు కొరియర్ చార్జీ ఏంటమ్మా?" అని అడిగారు. హయత్‌నగర్ 501505. తప్పు మాదే, ఆ పిన్ కూడా సిటీ జోన్‌లో కలిపాం. మీ చుట్టుపక్కల పిన్‌కోడ్లు ముందే ఒక కాగితం మీద రాసుకోండి.

బరువును బట్టి చార్జీ వేయడం మాత్రం వూకామర్స్‌లో మామూలుగా రాదు, విడిగా ప్లగిన్ పెట్టుకోవాలి. పచ్చళ్లలాంటి వ్యాపారానికి ఇది పెద్ద లోటే. వూకామర్స్ కంపెనీ వాళ్ల సొంత ఎక్స్‌టెన్షన్లు (అలాంటి అదనపు ప్లగిన్లే) చాలావరకు డాలర్లలో, ఏటా కట్టేవి. మాకంత స్తోమత లేక షిప్పింగ్ క్లాసులు (ఒకే డెలివరీ రేటు పడే వస్తువుల గుంపులు) పెట్టి అరకిలోకి ఒక రేటు, కిలోకి ఒక రేటు అని సర్దుకున్నాం.

యూపీఐ, కార్డులు తీసుకోవాలంటే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బులు తీసుకుని మనకి చేర్చే సేవ) కావాలి. అప్లై చేసేముందే సైట్‌లో అడ్రస్, ఫోన్ నంబర్, రీఫండ్ పద్ధతి, ప్రైవసీ పేజీ, షరతులు పెట్టేయండి. వాళ్లు సైట్ తెరిచి చూస్తారు. మాది రీఫండ్ పేజీ లేదని ఒకసారి వెనక్కి వచ్చింది. పైగా 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్ల పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే మనిషి వివరాలు కొనేవాళ్లకి కనిపించాలి. తినే వస్తువులు కాబట్టి ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్‌ని కూడా ప్రతి పేజీ అడుగున పెట్టాం.

నిర్వహణ మనమే చూసుకోవాలి. వారానికోసారి బ్యాకప్ తీసి, ఆ తర్వాతే ప్లగిన్లు అప్‌డేట్ చేస్తాను. అరగంట పని. మొదట్లో ఆర్డర్ మెయిల్స్ స్పామ్‌లోకి పోయి రెండు ఆర్డర్లు మూడు రోజులు ఆలస్యమయ్యాయి. మెయిల్స్ సరిగ్గా చేరేలా పంపే ఎస్ఎంటీపీ ప్లగిన్ పెట్టాక ఆ టెన్షన్ పోయింది. అరగంట కూడా కుదరదంటే ఎవరికైనా అప్పజెప్పండి, కానీ డొమైన్, హోస్టింగ్ మీ మెయిల్ మీద మీరే కొని, వాళ్లకి పని చేసుకునేంత యాక్సెస్ ఇవ్వండి.

ఈ వేసవి ఆవకాయకి మొదటిసారి స్టాక్ లెక్క వాడుతున్నాం. నిరుడు అడిగినవాళ్లందరికీ సరేనని, రైతుబజార్‌లో కాయ అయిపోయాక తొమ్మిది మందికి డబ్బులు తిప్పి పంపాం. ఇందులో స్టాక్ కిలోల్లో కాదు, సీసాల్లో లెక్కపడుతుంది. అందుకని కిలోవి 40, అరకిలోవి 40 అని విడివిడిగా పెట్టాం. అయిపోగానే ఆ సైజు అమ్మకం దానంతటదే ఆగిపోతుంది. పొద్దున జాడీ మూత తీస్తూ అత్తమ్మ "ఇంకెన్ని ఉన్నయ్?" అని అడుగుతారు, నేను ఫోన్ చూసి చెప్తాను. ఇవాళ కిలోవి 11, అరకిలోవి 4.