మ్యాచ్ ధర దాచేది మ్యాప్ ధర చూపిస్తుంది

కౌంటర్-స్ట్రైక్ అనే వీడియో గేమ్ పోటీలను, ఒక మ్యాప్ (మ్యాచ్‌లో ఒక స్థలం మీద ఆడే ఒక ఆట) దక్కాలంటే 16 రౌండ్లు గెలవాల్సిన రోజుల నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు 13 చాలు. మూడు నెలలుగా ఒక అంచనా మార్కెట్లో విడి మ్యాపుల ఒప్పందాలు మాత్రమే కొంటున్నాను. మ్యాచ్ మొత్తం ఎవరిదన్న పందెం జోలికి పోలేదు. గెలిచిన జట్టు ఒప్పందానికి ఒక డాలరు, ఓడినదానికి సున్నా. అంటే 58 సెంట్ల ధర ఉంటే గెలిచే అవకాశం 58 శాతమని మార్కెట్ అనుకుంటోందన్నమాట.

ఆట తెలిసినవాళ్లకు ఇక్కడ నిజంగా పని ఉంది. మూడు మ్యాపుల మ్యాచ్‌కు (రెండు గెలిస్తే మ్యాచ్ దక్కినట్టే) ముందు ఏడింటిలోంచి జట్లు చెరొకటి తీసేస్తాయి, చెరొకటి ఎంచుకుంటాయి, మళ్లీ చెరొకటి తీసేస్తాయి. మిగిలిన ఒక్కటే మూడో మ్యాప్. ఈ వీటో ముగిసిన నిమిషం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఒకసారి ఒక జట్టుకు మొదటి మ్యాప్‌లో 70, రెండోదానిలో 40, మూడోదానిలో 55 శాతం అవకాశం ఉందని లెక్కేసుకున్నాను. మూడూ కలిపితే మ్యాచ్ గెలిచే అవకాశం సుమారు 58 శాతం. మార్కెట్లో మ్యాచ్ ధర కూడా సరిగ్గా 58 సెంట్లే! మ్యాచ్ చూస్తే కొనడానికేమీ లేదు. రెండో మ్యాప్‌లో మాత్రం అదే జట్టును కొనేవాళ్లు 44 ఇస్తామంటున్నారు, అమ్మేవాళ్లు 53 అడుగుతున్నారు. నా లెక్కకు రెండూ ఎక్కువే. ప్రత్యర్థి జట్టును 51 సెంట్లకు కొంటానని ఆర్డర్ పెట్టి ఆగాను. అరగంటకు దొరికింది.

కొనేవాళ్ల 44కూ అమ్మేవాళ్ల 53కూ మధ్య ఆ తొమ్మిది సెంట్ల తేడాయే ఇక్కడి పెద్ద లోపం. మ్యాచ్ ఒప్పందంలో తేడా ఒక సెంటే ఉంటుంది. మ్యాపుల్లో కొనేవాళ్లు తక్కువ, కనుక అడిగిన ధరకు వెంటనే కొంటే మన తెలివికి దక్కాల్సిన లాభం అక్కడే పోతుంది. కింది స్థాయి పోటీల మ్యాపులు నేనసలు కొనను. 2014లో ఐబైపవర్ జట్టు ఒకే మ్యాప్ ఉన్న మ్యాచ్‌ను కావాలని ఓడిపోయింది. అందులో పాలుపంచుకున్న ఆటగాళ్లను ఈ గేమ్ తయారుచేసే వాల్వ్ కంపెనీ 2015 జనవరిలో నిషేధించింది. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

ఆట నడుస్తుండగా కొనడం వేరే కథ. న్యూక్ సీటీ వైపుకు, అంటే బాంబును అడ్డుకునే వైపుకు, అనుకూలమైన మ్యాప్. టీ వైపు, అంటే బాంబు పెట్టే వైపు, ఆడి 5–7తో మొదటి సగం ముగించిన జట్టు నిజానికి బాగా ఆడినట్టే. అయినా ధర పడిపోవడం రెండుసార్లు చూశాను, రెండుసార్లూ కొన్నాను, ఒకసారి గెలిచాను. అలా విరామంలో కొనడం వరకు ఫరవాలేదు. రౌండ్ మధ్యలో కొనకూడదు. ప్రసారం ఆట కన్నా వెనక నడుస్తుంది. నా తెరమీద బాంబు ఇంకా పెట్టనే లేదు, ధర 51 నుంచి 68కి ఎగిరింది. నాకన్నా ముందే సమాచారం అందుతున్నవాళ్లతో అప్పుడు బేరమాడుతున్నానన్నమాట.

నాకు కోపం తెప్పించింది మూడో మ్యాప్. ఒక జట్టును 71 సెంట్ల చొప్పున 40 ఒప్పందాలు కొన్నాను. మ్యాచ్ 2–0తో ముగిసింది, మూడో మ్యాప్ జరగనే లేదు. డబ్బు వెనక్కి వస్తుందనుకున్నాను. ఒక్కొక్కటి 50 సెంట్లకు ముగించారు. 8 డాలర్ల 40 సెంట్లు పోయాయి. నా అంచనా తప్పయి కాదు, ఆట లేక! నియమం ముందే రాసి ఉందని సహాయ విభాగం జవాబిచ్చింది. నిజమే, ఒప్పందం పేజీ చివర ఉంది. కానీ జరగని ఆటకు సగం ధర కట్టడం న్యాయం కాదు, కొన్న ధర తిరిగివ్వాలి. అదే మాట వాళ్లకు రాశాను. ఆ నియమం మారేదాకా మొదటి రెండు మ్యాపులే కొంటాను.