పందుల బోను సర్వీసు: నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకు ఇవ్వలేదంటే

టెక్సాస్‌లో, డాలస్‌కి ఈశాన్యంగా హంట్ కౌంటీలో మాకు పదకొండు ఎకరాలు ఉంది. ఎనిమిదింటిలో పశువుల గడ్డి పెంచి, కోయించి, చుట్టలు కట్టించి అమ్ముతాం. మిగతాది ఒక కుంట, నాలుగు పెకాన్ చెట్లు, నా కూరగాయల మడులు. పోయిన మార్చిలో ఒక శనివారం వెళ్లేసరికి గడ్డి చేను ఎవరో అడ్డదిడ్డంగా దున్ని పోయినట్టుంది. అడుగు లోతు గుంతలు. అలాంటి నేల మీద గడ్డి కోసే మెషిన్ నడిపితే ముందు మెషిన్ పోతుంది.

మా నాయన అప్పుడు ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్నాడు. కదిరి దగ్గర యాభై ఏళ్లు చెనక్కాయ పండించిన మనిషి. గుంత పక్కన గొంతు కూర్చుని మట్టి పట్టి చూసి, "పందులేనమ్మా. ఒకటీ రెండూ కాదు, మంద" అన్నాడు. పక్క చేనాయన మొక్కజొన్న విత్తి వారమైంది. సాలు వెంబడి ఒక్కో గింజా తవ్వుకుని తినేశాయి. మా ఊళ్లో విత్తిన చెనక్కాయను కూడా ఇట్లే తింటాయని నాయన చూపించాడు.

మొదట పిలిచింది రాత్రివేట సర్వీసుని. పొలం వాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదు. వేటకొచ్చే కస్టమర్లే కంపెనీకి డబ్బు కడతారు. అనుమతి పెద్ద సమస్య కాదు. 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో పొలం యజమాని ఒప్పుకుంటే అడవి పందుల వేటకి లైసెన్సు కూడా అవసరం లేదు. నలుగురు థర్మల్ స్కోపులతో (చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువుని చూపించేవి) వచ్చారు, మూడింటిని చంపారు, ఫొటోలు దిగారు, మూడింటినీ చెట్ల కింద వదిలేసి వెళ్లారు. రెండు రోజుల తర్వాత కుంట గట్టున నాలుగోది కనిపించింది. పొట్టలో దెబ్బ తగిలి నీళ్ల దాకా వచ్చి చచ్చిపోయింది. ఎంతసేపు పట్టిందో దాని చుట్టూ నలిగిన గడ్డి చూస్తే తెలిసింది. మిగతా మంద పక్క చేలోకి మారి, పది రోజుల్లో తిరిగొచ్చింది. ఆ సర్వీసుకి ఒక్క స్టార్ కూడా ఇవ్వను. పందులు తగ్గకుండా ఉంటేనే వాళ్ల వ్యాపారం నడుస్తుందని నాకు అప్పుడు తట్టింది.

తర్వాత పిలిచింది ఈ బోను సర్వీసుని. తండ్రీ కొడుకూ నడుపుతారు. పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, అది వాళ్లకే నేరుగా చెప్పాను. బోను పెట్టి, మంద పడేదాకా చూసుకోవడానికి మొత్తం 600 డాలర్లు.

బోను అంటే చిన్న పెట్టె కాదు. ఇనుప పలకలతో గుండ్రంగా కట్టిన దొడ్డి. మూలలుంటే పందులు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి బయటపడతాయట, అందుకే గుండ్రంగా కడతారు. గేటు ఎత్తి పెట్టి, లోపల పులియబెట్టిన మొక్కజొన్న పోశారు. అచ్చం కుడితి వాసన! పులిసిన గింజల జోలికి జింకలు పెద్దగా రావని చెప్పారు. కెమెరా సెల్ సిగ్నల్ మీద ఫోన్‌కి బొమ్మలు పంపుతుంది. తొమ్మిది రాత్రులు ఏమీ చెయ్యలేదు. ఐదు వచ్చాయి, ఎనిమిది వచ్చాయి, నాకు ఆత్రం. "మందలో ఒక్క తల్లి బయట మిగిలినా అది నేర్చుకుంటుంది, మళ్లీ బోనులోకి రాదు" అని వాళ్లలో పెద్దాయన, ఆ తండ్రి, ఆపాడు. పదో రాత్రి పద్నాలుగూ లోపలికి వచ్చాక కొడుకు ఇంట్లో కూర్చునే ఫోన్‌లో బటన్ నొక్కి గేటు వేశాడు.

తెల్లవారేలోపు వచ్చి చిన్న తుపాకీతో తలలో ఒక్కొక్క గుండు. కొన్ని నిమిషాల్లో అయిపోయింది. నేను చూశాను. నా పొలంలో, నా డబ్బుతో జరిగే పని చూడకుండా తలుపేసుకుని కూర్చోవడం నాకు సరిగా అనిపించలేదు. పెద్ద ఆడవి మూడు, మిగిలినవి పిల్లలు. నాలుగైతే చారలు కూడా పోని కూనలు. "వాటినైనా వదలకూడదా?" అని నాయన అడిగాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను. వదలడం చట్టరీత్యా కూడా కుదరదని, ఆడ కూనలు ఆరేడు నెలలకే ఎదకొస్తాయని పెద్దాయన నెమ్మదిగా చెప్పాడు. ఏటా మూడింట రెండు వంతులు తగ్గిస్తే గానీ వీటి సంఖ్య ఉన్నచోట నిలవదట. టెక్సాస్‌లో ఇవి 26 లక్షల దాకా ఉంటాయని అంచనా. 254 కౌంటీల్లో ఒక్కటి తప్ప అన్నిచోట్లా ఉన్నాయి.

ఇక్కడిదాకా ఐదు స్టార్ల పనే. తర్వాత ట్రాక్టర్ తెచ్చి కుంటకు దూరంగా గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

ఫోన్లో మాట్లాడినప్పుడు "తర్వాత అంతా మేం చూసుకుంటాం" అన్నారు. మాంసం కొనే చోటుకి తీసుకెళ్తారని నేను అనుకున్నాను. గొయ్యి చూసేదాకా నాకు తెలియదు. నాయన ముఖం మారిపోయింది. "ఇంత కూర మట్టిపాలేనామ్మా?" అన్నాడు. ఆయన చిన్నప్పుడు, అరవైల్లో, ఊరి పక్క గుట్టల్లో పంది పడితే ఇంటింటికీ పోగులు వేసేవారట. పోగు అందని ఇల్లు ఉండేది కాదట.

పెద్దాయన చెప్పిన కారణాలు నిజమైనవే. కాల్చి చంపిన పందిని ఇక్కడ అమ్మకూడదు. అమ్మే మాంసానికి చంపక ముందూ, చంపాకా ప్రభుత్వ తనిఖీ ఉండాలి. కాబట్టి ప్రాణాలతోనే అనుమతి ఉన్న కొనుగోలు కేంద్రానికి తోలాలి. మాకు అందుబాటులో ఉన్న చోట ఆ వారం తీసుకోవట్లేదు. ఇంటికి వండుకోవాలంటే మాత్రం చట్టం అడ్డు కాదు. కానీ వీటికి బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఉండొచ్చు, కోసేటప్పుడు రక్తం తగిలితే మనిషికి అంటుతుంది. గ్లవ్స్ వేసుకోవాలి, లోపలి దాకా 160 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చేలా ఉడికించాలి. కావాలంటే ఒకదాన్ని కోసిస్తానన్నాడు. నాయన వద్దన్నాడు. "ఒకటి తిని పదమూడింటికి జవాబు చెప్పినట్టా?"

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. చంపితే తినాలి, తినకపోతే పాపం అని మేమిద్దరం నమ్ముతూ పెరిగాం. కానీ రాత్రివేటకొచ్చినవాళ్లు ఆ మూడింటినీ ఇంటికి తీసుకెళ్లి వండుకుని ఉంటే, కుంట గట్టున చచ్చిన నాలుగోదాని బాధ తగ్గేదా? మంద తగ్గేదా? కేరళలో పంటలు పాడుచేసే అడవి పందుల్ని చంపించే అధికారం 2022లో పంచాయతీలకు ఇచ్చారు. అక్కడ చంపినదాన్ని పాతిపెట్టి తీరాలి, తినకూడదు. నాకు అందులో అర్థం కనిపిస్తుంది. తినొచ్చంటే పంట పేరు చెప్పి కూర కోసం చంపేవాళ్లు బయల్దేరతారు. అక్కడ పంది ఆ అడవిదే, దాన్ని కాపాడుకోవాలి కూడా. మా ఊళ్లో పొలం చుట్టూ పాత చీరలు కట్టి, మంచె మీద రాత్రంతా డబ్బా కొట్టి తోలేది అందుకే. ఇక్కడ పంది ఈ నేలది కాదు. 1539లో స్పెయిన్ వాళ్లు ఫ్లోరిడాకి ఓడల్లో తెచ్చారు. 1930ల్లో వేట సరదా కోసం టెక్సాస్‌కి యూరప్ అడవి పందుల్నీ తెచ్చి వదిలారు. రెండూ కలిసిపోయాయి. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, వాగు నీళ్లు, పంటలు అన్నీ దెబ్బతింటున్నాయి. పంది ఏ తప్పూ చెయ్యలేదు. మనుషులు చేసిన తప్పుకి అది చస్తోంది. కనుక దాన్ని చంపే హక్కు నాకు ఆకలి వల్ల వచ్చింది కాదు, ఈ పొలాన్నీ వాగునీ కాపాడాల్సిన బాధ్యత వల్ల వచ్చింది. ఆ పని నిజంగా జరగాలి, బాధ లేకుండా జరగాలి. బోను వాళ్లు ఒక్కదాన్నీ తినకపోయినా ఈ రెండూ చేశారు.

అయినా ఆ గొయ్యి దగ్గర నాకు కడుపు తరుక్కుపోయింది. తినే దారి ఉన్నప్పుడు తినడమే మంచిదని ఇప్పటికీ అంటాను. ఆ దారి వెతకడానికి నాకు ముందే చెప్పాల్సింది. ఒక వారం ఆగితే కొనేవాళ్లు దొరుకుతారేమో నేనే కనుక్కునేదాన్ని. ఐదో స్టార్ అందుకే ఇవ్వలేదు. ఈ మాట పెద్దాయనతో అన్నాను. "చాలామంది వినడానికి ఇష్టపడరమ్మా, అందుకే చెప్పడం మానేశాను" అన్నట్టుగా జవాబిచ్చాడు. నేను వినేదాన్ని.

మీ పొలానికి ఎవరినైనా పిలిచే ముందు ఇవి అడగండి: మంద మొత్తం వచ్చేదాకా ఆగుతారా, ఎలా చంపుతారు, తర్వాత ఎక్కడికి తీసుకెళ్తారు. మూడోదానికి "మేం చూసుకుంటాం" అంటే వదలకుండా మళ్లీ అడగండి.

గొయ్యి పూడ్చాక గడ్డి గింజలు మళ్లీ చల్లాం. జూన్‌లో కోత బాగానే వచ్చింది. నాయన ఆగస్టులో వెళ్లిపోయాడు. పోయిన వారం కెమెరాలో ఒంటరి మగ పంది ఒకటి, దాని వెనక రెండు రాత్రులకి చిన్న మంద కనిపించాయి. కదిరికి ఫోన్ చేసి చెప్పాను. "ఈసారి గేటు వెయ్యకముందే అడుగమ్మా, ఎక్కడికి తోలుతారో" అన్నాడు. అడిగాను. కొనే చోట ఇప్పుడు తీసుకుంటున్నారట, పెద్దాయన ట్రైలర్ సిద్ధం చేస్తానన్నాడు. గురువారం దొడ్డి కడుతున్నారు.