పొడవు తొట్టి పికప్: కడియం మొక్కల బరువుతో కొన్నేళ్లు నడిపాక

ఇంజను, మైలేజీ, నెల వాయిదాల గురించి నేను రాయను. అవి అందరికీ తెలిసినవే. వెనక ఇరుసు దాటాక మిగిలే ఆ రెండు మూడు అడుగుల తొట్టి గురించే నా మాటంతా. నాది ఒకటిన్నర టన్ను తరగతి పికప్, తొట్టి 9 అడుగులు. షోరూంలో అన్నిటికంటే ముందు చూపించేది ఆ పొడవునే. అందులో ఏ చోట ఎంత బరువు పెట్టవచ్చో మాత్రం ఎవరూ చెప్పరు. నా కోపమంతా దాని మీదే.

నాకు కిరాయిలు ఎక్కువగా కడియపులంక నర్సరీల నుంచి వస్తాయి. మొక్కలంటే తేలిక సరుకని చాలామంది అనుకుంటారు. మనం మోసేది ఆకును కాదు, మట్టిని. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపి నింపిన పెద్ద సంచికి పొద్దున్నే నీళ్లు పెట్టారంటే, నిన్న ఒక్కడు ఎత్తిన సంచి ఇవాళ ఇద్దరు పట్టినా కష్టంగా లేస్తుంది. చూస్తే తొట్టి సగమే నిండినట్టు ఉంటుంది. కిందికి వంగి చూస్తే ఇరుసు మీద బరువు మోసే కమాను పట్టీలు అప్పటికే వంపు పోయి చదునుగా ఉంటాయి.

ఒకసారి మారేడుమిల్లి మీదుగా భద్రాచలం వైపు లోడు పడింది. బయలుదేరేటప్పుడు సర్దుబాటు చక్కగా ఉంది. పామ్ చెట్ల వేరు ముద్దలు క్యాబిన్ గోడకు ఆనించి, తలలు వెనక్కి వాల్చారు. అలా పడుకోబెడితే బరువు ముందుంటుంది, గాలికి ఆకూ చిరగదు. మధ్యలో పూల మొక్కల చిన్న సంచులు, చివర డాలా (తొట్టికి తెరుచుకునే తలుపు) దగ్గర మట్టితో కోసిన పచ్చిక పలకలు. గోకవరంలో పామ్ చెట్లు దిగిపోయాయి. పక్క డాలా తెరిస్తే అవి నేరుగా దిగుతాయి, వెనక సరుకు కదిపే పని లేదు. తడి పచ్చికను మళ్లీ మళ్లీ కదిపితే ముక్కలవుతుందని, దాన్ని ఉన్నచోటే ఉంచమని సరుకు యజమాని మనిషి పట్టుబట్టాడు. బండిలో సగం బరువు తగ్గింది, ఇక భయమేమిటని అందరూ అన్నారు.

రంపచోడవరం దాకా ఏ తేడా తెలియలేదు. మారేడుమిల్లి దాటి ఎక్కుడు మొదలయ్యాక స్టీరింగ్ రెండు వేళ్లకు తిరగడం మొదలుపెట్టింది. చీకటి పడుతోంది. హెడ్‌లైట్లు రోడ్డు మీద పడకుండా ఎదురుగా చెట్ల కొమ్మల మీద పడుతున్నాయి. ఒక మలుపులో స్టీరింగ్ తిప్పాక కూడా బండి ముక్కు ఒక క్షణం నేరుగానే వెళ్లి, ఆ తర్వాత తిరిగింది. వెంటనే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఆపించి, చక్రాల కింద రాళ్లు పెట్టి, పచ్చిక పలకలు ఒక్కొక్కటీ క్యాబిన్ గోడ దగ్గరకు చేర్చాం. కొన్ని ముక్కలయ్యాయి. మళ్లీ కదిలేసరికి లైటు రోడ్డు మీదికి దిగింది, స్టీరింగ్‌కు బరువు వచ్చింది. బండిలోని మొత్తం బరువులో కిలో కూడా మారలేదు.

ఇందులో మర్మం లేదు. వెనక ఇరుసు ఏతాం స్తంభంలా పనిచేస్తుంది. దాని వెనక తొక్కితే ముందు కొస లేస్తుంది. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండిలో వెనక ఇరుసుకు మీటరు వెనకగా 300 కిలోలు పెడితే, ముందు ఇరుసు మీద 100 కిలోలు తగ్గిపోతాయి, వెనక ఇరుసు మీద 400 పెరుగుతాయి. ఎక్కుడులో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే లోడు ఎక్కించేటప్పటి సర్దుబాటు ఒక్కటీ చాలదు, ప్రతి దిగుమతి తర్వాతా మిగిలిన సరుకును ముందుకు జరపాలి. ఇది తెలిసినా, పది నిమిషాల పనికి హమాలీలు దొరకక వదిలేసేవాళ్లే ఎక్కువ.

బళ్లు తూచే కాటా దగ్గర నేను ఇప్పుడు రెండు తూకాలు వేయిస్తాను. మొదట ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకటి, తర్వాత బండి మొత్తం. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్‌లో మొత్తం బరువుతో పాటు ఇరుసుల వారీ పరిమితులూ రాస్తారు. మొత్తం పరిమితిలోనే ఉండి వెనక ఇరుసు ఒక్కటీ దాటిపోయిన లోడ్లు ఈ పద్ధతిలోనే బయటపడ్డాయి. అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి టన్నుకు 2,000. సరుకు తొట్టి దాటి పొడుచుకు వచ్చినా 20,000. పామ్ ఆకుల తలలు వెనక్కి వేలాడదీసేవాళ్లు ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి.

తొట్టి వెనక కుంగుతోందంటే మెకానిక్కులు వెంటనే చెప్పేది, రెండు కమాను పట్టీలు అదనంగా వేయించమని. నేను వేయించలేదు. మా బండిలో వెనక బ్రేకులకు బరువును బట్టి ఒత్తిడి పంపే వాల్వు ఉంది. అది ఒక కడ్డీతో వెనక ఇరుసుకు కలిసి ఉంటుంది. తొట్టి ఎంత కుంగిందో దాన్ని బట్టి బరువును అంచనా వేస్తుంది. పట్టీలు పెంచితే లోడున్నా తొట్టి కుంగదు. బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించేస్తుంది. నిండు లోడుతో ఘాట్ దిగేటప్పుడు అంతకంటే ప్రమాదం ఏముంటుంది?

మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. తాడు కట్టే కొక్కేలు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయి. జొన్నాడ దాటి గౌతమి వంతెన మీద గాలి అడ్డంగా కొట్టినప్పుడు కూడా అడ్డతాళ్లు సడలలేదు. అయితే ఆ కొక్కేలు సరుకును ఉన్నచోట పట్టి ఉంచుతాయి, అంతే. సరుకు ఉండకూడని చోట ఉంటే వాటి వల్ల ఉపయోగం లేదు. కొన్న కొత్తలో తొట్టి పొడవు గురించి అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడిని. పరుపులు, దూది, ఖాళీ క్రేట్లు వేసేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ చెబుతాను. సిమెంటు, టైల్స్, తడి మట్టి మోసేవాళ్లకు చెప్పను.

నాకు కోనసీమ చదును రోడ్ల మీద తిరుగుడు ఎక్కువ, పొడవు చెట్ల బేరాలూ వదులుకోలేను. కాబట్టి ఈ బండినే ఉంచుకున్నాను. మారేడుమిల్లి లాంటి ఏజెన్సీ కొండల వైపు కిరాయిలు పెరిగితే మాత్రం 8 అడుగుల తొట్టికి మారాలని ఉంది. మీరు కొనేటట్టయితే టేపు వెంట తీసుకెళ్లి, వెనక చక్రం మధ్య నుంచి డాలా దాకా ఎంత దూరముందో కొలుచుకోండి. మీ సరుకులో బరువైనవి ఆ భాగంలోకి రాకుండా సర్దే వీలుంటేనే ఈ పొడవు తీసుకోండి.