నల్గొండలో చేయించిన షంటింగ్ లేఅవుట్ బల్లలు: పనితనం గట్టిది, అతుకు దగ్గరే లోపం

హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైళ్ల ఇంగిల్‌నుక్ లేఅవుట్ కోసం, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరుసలో పేర్చే ఆట కోసం, నల్గొండలోని ఒక వడ్రంగి దుకాణం చేసిచ్చిన రెండు బల్లలివి. ఒక్కోటి 90 సెం.మీ. పొడవు, 30 వెడల్పు. పైన 9 మి.మీ. ప్లైవుడ్, కింద 3 అంగుళాల ఫ్రేము. ఒక్క మనిషి మోసుకెళ్లొచ్చు.

కొలతలు సరిగ్గా కుదిరాయి. వ్యాగన్ 15 సెం.మీ. అనుకుంటే ఐదు పట్టే సైడింగుకు (వ్యాగన్లు నిలిపే పక్క లైను) 75, ఇంజనూ మూడు వ్యాగన్లూ నిలిచే లైనుకు 60, మొదటి పాయింటుకు (రైలు లైను మారే చోటు) 20. మూడేసి పట్టే మిగతా రెండు సైడింగులు పక్కనే ఇముడుతాయి. ఎనిమిది వ్యాగన్లలోంచి ఐదింటిని చెప్పిన వరుసలో పేర్చాలి. అలాంటి వరుసలు 6,720. ఇంత చిన్న బల్ల మీద ఇంతకన్నా మంచి ఆట లేదు!

లోపాలు రెండు. ఫ్రేము అడ్డపట్టీ రెండో పాయింటు బ్లేడ్ల (కదిలే పట్టాల) కిందికే వచ్చింది, వాటిని కదిపే మోటారుకు చోటు లేదు. ట్రాక్ ప్లాన్ అసలు సైజులో గీసి వడ్లాయన చేతిలో పెట్టండి. రెండోది, రెండు బల్లల అతుకు దగ్గర బోల్టులే పెట్టారు. రంధ్రంలో బోల్టు కొంచెం ఆడినా పట్టాలు కలవవు, చక్రం దిగుతుంది. రెండు ఇత్తడి డోవెళ్లు (బల్లలను ప్రతిసారీ సరిగ్గా ఒకే చోట కలిపే పిన్నులు) తప్పనిసరి. అతుకుకు అటూ ఇటూ ఇత్తడి స్క్రూలు దించి, పట్టాలను వాటికి టంకం వేశాకే రంపంతో కోయాలి.

రంగు పైన మాత్రమే వేశారు. అడుగున కూడా వేయించండి, లేకుంటే వానాకాలం తేమకు ప్లైవుడ్ వంగుతుంది.